ఎర్రమట్టి పుట్టింటి రంగు

కొండ మీది ఇల్లు,
ఎండలు ముదురుతున్న రోజులు

చిట్టికి,

మీ అన్నయ్యా నేనూ బాగానే ఉన్నాం. నిమ్మమొక్కలే బాగాలేవు. ఈ ఉత్తరం రాస్తున్నట్టు మీ అన్నయ్యకి తెలియదు. కిందకి దిగి ఫోను చేద్దామంటే పక్కనే నిలబడి నా ఒక్క మాటకి తన రెండు మాటలు కలుపుతారు. అందుకని కాగితం పట్టుకున్నాను.

నీళ్ళ ట్యాంకులు వెల్డింగ్ చేసుకునే మనిషి షెడ్డు పని వదిలేసి, కొండవాలు మీద ఈ ఎర్రనేల కొని నిమ్మతోట వేశారు. ఏడాది తిరిగింది. ఆకులు పసుపుబారి, కొసలు ఎండి రాలిపోతున్నాయి. రోజూ పొద్దున్నే ఒక్కో మొక్క దగ్గరా నిలబడి ఆకు తిప్పి తిప్పి చూస్తారు. నేను ఏమైందని అడిగితే "కొత్తచోటు కదా, అలవాటు పడాలి" అంటారు. మొక్కల సంగతి ఏమో గానీ నాకు మాత్రం అలవాటు కాలేదు.

టౌన్లో మెట్ల కింద నా కుట్టుమిషను కొట్టు ఎలా ఉండేదో నీకు తెలుసు. చేతికి పని, చెవికి కబుర్లు. ఇక్కడ మిషను మూల కూర్చుంది. గౌను కొలతలివ్వడానికి కొండెక్కి వచ్చేదెవరు? మేకలకి కుట్టమంటావా?

మీ అన్నయ్య వినేది నీ మాట ఒక్కటే. మట్టి చదువు చదివి, మట్టి పరీక్షల ఆఫీసులో కూర్చున్నావు కాబట్టి నువ్వు చెబితే ఇక తిరుగుండదు. ఈ నేల నిమ్మకి పనికిరాదని ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పంపు. షెడ్డు యజమాని ఆయన చోటు ఇంకా ఖాళీగానే ఉంచాడు. ఈ వానాకాలం దాటితే మాత్రం ఇంకొకణ్ణి పెట్టుకుంటాడట. ఆలోపు మేం దిగిపోవాలి. నేను అడిగానని ఎక్కడా అనకు.

మీ వదిన

*

మట్టి పరీక్షల ఆఫీసు,
మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోతే పక్కబల్ల పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళి, "నాకు కాదు, మా ఆయనకి రోగముందని రాసివ్వండి" అన్నట్టుంది నువ్వు అడిగింది.

మట్టి చూడకుండా తీర్పు రాస్తే నా ఉద్యోగానికి నామర్దా. పైగా నువ్వు చెప్పింది వింటే నాకు వేరే కుతూహలం పుట్టింది. ఎర్రనేల, అందులోనూ వాలు. అలాంటి చోట నీళ్ళు నిలవవు, వేళ్ళకి గాలి ఆడుతుంది, నిమ్మ హాయిగా పెరగాలి. మరి ఎందుకు పెరగట్లేదు?

ఒక పని చెయ్యి. మొక్కలకి కాస్త ఎడంగా నడుములోతు గుంత తవ్వు. ఒకవైపు గోడ నున్నగా చెక్కి, పైనుంచి కిందకి మట్టి ఎక్కడెక్కడ మారుతోందో చూడు. రంగు ఎలా ఉంది, ఎంత గట్టిగా ఉంది, గడ్డి వేళ్ళు ఎంతవరకు దిగాయి, అన్నీ రాయి. ఒక్కో పొర నుంచి పిడికెడు మట్టి విడివిడిగా మూటగట్టి పంపు.

పనికిరాకపోతే పనికిరాదనే రాస్తాను, అన్నయ్యని చూసి మొహమాటపడను. పనికొస్తే అదీ రాస్తాను, అప్పుడు నిన్ను చూసి మొహమాటపడను. సరేనా?

చిట్టి

*

కొండ మీది ఇల్లు,
ఇంకా ఎండలే

చిట్టికి,

చదువుకున్న ఆడపడుచుతో పెట్టుకుంటే చేతికి గునపం వస్తుందని ఇప్పుడు తెలిసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మీ అన్నయ్యకి చెత్తగుంత అని చెప్పాను. "ఇద్దరి చెత్తకి ఇంత గుంతా?" అన్నారు గానీ గునపం పదును పెట్టి ఇచ్చారు.

పైన జానెడు మట్టి మెత్తగానే ఉంది. కాస్త దిగాక జిగట. మోకాలిలోతు వచ్చేసరికి గునపం టంగుమని మోగి వెనక్కి ఎగిరింది. రాయి తగిలిందనుకున్నాను, కాదు, అదీ మట్టే. అప్పుడే తీసిన చెమ్మ ముక్కని చేత్తో విరిస్తే పెళుసుగా ముక్కలవుతుంది. గడ్డి వేళ్ళు దాని మీదకి వచ్చి అక్కడ్నించి పక్కకి తిరిగిపోయాయి, గుమ్మం దగ్గర తలుపేసి ఉంటే మనం తిరిగిపోమూ, అలాగ.

మూటలు గట్టి పోస్టాఫీసుకి తీసుకెళ్తే కౌంటర్లో అమ్మాయి వాసన చూసి, "మట్టి పార్శిలు తీసుకోమండీ. తడిస్తే అందరి ఉత్తరాలూ పాడవుతాయి" అంది. తడవదమ్మా అన్నా వినలేదు. మళ్ళీ మోసుకుని కొండెక్కాను.

అప్పుడు తట్టింది. మనిషి చొక్కా తెస్తే దానికి సరిపోయే దారం చూడకుండా తీసే చెయ్యి నాది. మట్టికి తియ్యలేనా? గుమ్మంలో వెలుతురుకి కూర్చుని, రీళ్ళ డబ్బా ముందు పెట్టుకుని, ఒక్కో పొర మట్టి పక్కన దారం ఆనించి చూశాను. రంగు కలిసిన దారం జానెడు కత్తిరించి అట్టముక్కకి కుట్టాను. పైపొర, మధ్యపొర, ఆ గట్టిపొర, దాని కింద. అన్నీ ఎరుపులే, కానీ ఏ రెండూ ఒకటి కాదు. ఏడాదిగా ఈ మట్టి తొక్కుతున్నాను, చీరకి అంటితే తిడుతున్నాను, ఇన్ని ఎరుపులున్నాయని చూడనేలేదు.

ఇక తీర్పు రాయి.

మీ వదిన

*

మట్టి పరీక్షల ఆఫీసు

వదినా,

నీ అట్టముక్క ఇప్పుడు ఆఫీసంతా తిరుగుతోంది. మట్టి రంగు చూడటానికి మా దగ్గర ఒక రంగుల పుస్తకం ఉంది, అందులో చిన్న చిన్న రంగు ముక్కలుంటాయి. వాటి పక్కన నీ దారాలు పెడితే అచ్చంగా కూర్చున్నాయి. పక్కబల్ల పెద్దాయన "మీ వదినగారికి ఇక్కడ ఉద్యోగం ఇప్పించేదా?" అంటున్నాడు. నా ఉద్యోగమే ఇచ్చేలా ఉన్నాడు.

ఇక అసలు సంగతి. మట్టికి ఎరుపు ఇచ్చేది అందులోని ఇనుము, అంటే తుప్పే. తుప్పు పట్టాలంటే గాలి తగలాలి. నీళ్ళు నిలిచి గాలి ఆడకపోతే ఆ ఎరుపు కరిగిపోయి మట్టి బూడిదరంగుకి తిరుగుతుంది. నీ దారాల్లో పైనుంచి కిందదాకా ఎరుపే. అంటే ఆ నేలలో నీళ్ళు నిలవట్లేదు. నువ్వు బాధపడినా చెప్పక తప్పదు, నేల మంచిదే. వేళ్ళు దిగకుండా గట్టిపొర అడ్డుపడుతోంది కాబట్టి మొక్కలకి దాహం వేస్తూ ఉండాలి. నీళ్ళు ఇంకాస్త ఎక్కువ పొయ్యమని అన్నయ్యకి చెప్పు. నేల సంగతి వేరే చీటీ మీద కూడా రాసి పెట్టాను, అన్నయ్యకి అది చూపించు, నీ రహస్యం అందులో లేదు.

ఒక్కటి మాత్రం అడగాలి. బెడ్డలు తడిపి చూశావా, పొడిగానే చూశావా?

చిట్టి

*

కొండ మీది ఇల్లు,
మొదటి వానల తర్వాత

చిట్టీ,

నీ చదువు తగలెయ్య.

నీ చీటీ మీ అన్నయ్య మూడిళ్ళ అవతల మేకలాయనకి కూడా చదివి వినిపించారు. "మా చెల్లెలు రాసింది, నేల మంచిదట" అని. ఆ పూట నుంచి పొద్దునా సాయంత్రం బిందెలతో మోసి ఒకటే పొయ్యడం. వారం తిరిగేసరికి పై వరసలో మొక్కలు ఆకులు మొత్తం దులిపేశాయి. వేరు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే కుళ్ళు వాసన. ఆయన బిందె బోర్లించి దాని మీద కూర్చుండిపోయారు. దిగిపోదామని నోటిదాకా వచ్చింది గానీ ఆ మనిషిని అలా చూసి అనలేకపోయాను. నీ మీద మాత్రం బోలెడు కోపం వచ్చింది.

కోపం పక్కన పెట్టి ఇది విను. నా చెత్తగుంతలో చెత్త వెయ్యలేదు కదా, మొన్నటి వానకి సగం నిండింది. వాన వెలిసింది, రెండెండలు కాసాయి, మూడెండలు కాసాయి, నీళ్ళు మాత్రం కదల్లేదు. కొండవాలు మీద, ఇంత ఎర్రమట్టిలో! నువ్వేమో నిలవవన్నావు. నిలిచిన నీళ్ళలో నా మొహం చూసుకుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను.

బిందెతో తోడేశాను. తెల్లారి చూస్తే మళ్ళీ ఊరాయి. గుంతలో దిగి కూర్చుని చూశాను. నీళ్ళు కింద నుంచి రావట్లేదు చిట్టీ, ఎగువ గోడలోంచి వస్తున్నాయి. సరిగ్గా ఆ గట్టిపొర పైన, సన్నగా, చెమట పట్టినట్టు. ఎందుకని? కూర వండటం మర్చిపోయి అక్కడే కూర్చున్నాను.

అవును, బెడ్డలు పొడివే చూశాను. తడిపి చూడాలని నువ్వు ముందు చెప్పావా? ఇప్పుడు తడిపి కొత్త దారాలు పంపుతున్నాను. ఎరుపు ఇంకాస్త ముదిరింది. గట్టిపొరలో అక్కడక్కడ బూడిదరంగు మచ్చలు కూడా తేలాయి. ఎండినప్పుడూ కొద్దిగా కనిపించాయి, నేనే గోటితో గీకేసి చూశాను. బట్ట రంగు చూసేటప్పుడు మరక రంగు చూడం కదా.

మీ వదిన

*

మట్టి పరీక్షల ఆఫీసు

వదినా,

నన్ను తిట్టు. ఇంకో రెండు తిట్టు. పడతాను.

కానీ ఆ మరకలు ఎందుకు గీకేశావు తల్లీ! నాకు కావలసింది అవే. బట్టకి మరక తప్పు కావచ్చు, మట్టికి మరకే సాక్ష్యం. నీ చెత్తగుంత సంగతి చదివి కుర్చీలోంచి లేచాను. నీళ్ళు పోయించింది నేను. దాహమనుకుని మునుగుతున్న మొక్క నోట్లో ఇంకా నీళ్ళు పోయించాను. అన్నయ్య బిందె మీద కూర్చున్నాడని రాశావు, ఆ మాట దగ్గర కాసేపు ముందుకి చదవలేకపోయాను. నీళ్ళు వెంటనే ఆపమను.

ఇప్పుడు నాకు ఒకటే అనుమానం. నీళ్ళు నిలిచే నేల బూడిదరంగుకి తిరగాలి. ఇక్కడ మచ్చలు మాత్రమే బూడిద, మిగతా అంతా ఎరుపు. అంత ఎరుపు ఎక్కణ్ణించి వచ్చింది?

మూడు పనులు చెయ్యి. ఒకటి, ఆ బూడిద మచ్చలు గుండ్రంగా ఉన్నాయా, చారలుగా ఉన్నాయా చూడు. రెండోది, గట్టిపొర ముక్క ఒకటి బాగా ఎండబెట్టి గ్లాసు నీళ్ళలో వేసి చూడు. మూడోది, కొండ రాయి ఒకటి పగలగొట్టి లోపలి రంగు చూడు. బయటిది కాదు, లోపలిది.

చిట్టి

*

కొండ మీది ఇల్లు,
ముసురు పట్టిన వారం

చిట్టీ,

నీళ్ళు ఆపారు. "చిట్టి పొరపాటు పడింది" అని నేను నసుగుతుంటే, "అదీ మనిషే కదా" అన్నారు, అంతే. కింద వరసల్లో కొన్ని మొక్కలకి ఇంకా ఆకుంది.

మచ్చలు చారలే. నిలువుగా, పైనుంచి కిందకి, మధ్యలో బూడిద, అంచున ముదురు తుప్పు. నేను గౌను అంచుకి వేరే రంగు పట్టీతో పైపింగు వేసినట్టు ఉంది. ఎవరు కుట్టారో గానీ చెయ్యి తిరిగిన వాళ్ళే. ఒక చారలో ఎండిపోయిన వేరు ఉంది. ఆ వేరు దారినే నీళ్ళు దిగాయా?

గట్టిపొర ముక్కని పొయ్యి పక్కన పెట్టి ఎండబెట్టాను. ఇటుకలా అయింది, నేలకేసి కొట్టినా పగల్లేదు. దాన్ని గ్లాసులో వేశాను. బుడగలొచ్చాయి, అంచులు జారాయి, నేను స్టవ్ కట్టేసి వచ్చేలోపు మొత్తం విడిపోయి అడుగున ముద్దగా కూర్చుంది. అంత గట్టిది ఇంత సులువుగా ఎలా కరిగింది? తడిస్తే కరిగేదైతే కొండలో ఇన్నాళ్ళూ తడుస్తూ కరగలేదేం? మళ్ళీ వేశాను. మళ్ళీ అలాగే అయింది. అదే పనిగా ఎన్నిసార్లు వేశానో అడక్కు.

రాయి కోసం మీ అన్నయ్య సుత్తి తీశాను. కొండ రాయి పలకలు పలకలుగా విడిపోతుంది. లోపలా ఎరుపే చిట్టీ. బయటికన్నా లోపలే ఎక్కువ ఎరుపు. నూరి, తడిపి, దారం చూశాను. మట్టికి పెట్టిన దారమే రాతికీ సరిపోయింది, వేరేది వెతకక్కర్లేకపోయింది. రెండూ ఒకే అట్టకి కుట్టి పంపుతున్నాను.

నేను రాళ్ళు నూరుతుంటే మీ అన్నయ్య వెనకాల నిలబడ్డారు. "ఏం చేస్తున్నావు?" అన్నారు. "ఏమీ లేదు, రంగు చూస్తున్నా" అన్నాను. కాసేపు నా వంక అదోలా చూసి వెళ్ళిపోయారు. కొండ మీద ఒంటరిగా ఉండి పిచ్చెక్కిందనుకున్నారేమో.

త్వరగా రాయి. షెడ్డు యజమాని మళ్ళీ కబురు పెట్టాడు.

మీ వదిన

*

మట్టి పరీక్షల ఆఫీసు

వదినా,

దొరికింది. నీ రెండు దారాలూ ఒకే రంగు కావడంలోనే ఉంది అంతా.

మీ కొండ రాయి ఒకప్పుడు బురద. మనుషులే లేని కాలంలో వరదలు తెచ్చి పరిచిన బురద, ఎండకి ఆరి, తుప్పెక్కి ఎర్రబడి, మీద మీద పడిన బరువుకి రాయైంది. ఆ రాయి చివికి ఇప్పుడు మీ మట్టి అయింది. అందుకే ఆ ఎరుపు ఈ నేల సంపాదించుకున్నది కాదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మా నాన్న ముక్కు అన్నయ్యకి వచ్చినట్టు. రంగు చూసి అది గాలాడే నేల అనుకున్నాను నేను. నీళ్ళు నిలిచినా ఆ పుట్టింటి రంగు తొందరగా వదలదు. వేరు దారుల్లో, చీలికల్లో మాత్రమే కరిగి బూడిదగా తేలింది. నువ్వు గీకేసింది అదే.

బురదలోంచి పుట్టిన రాయి కాబట్టి మట్టి సన్నటి జిగురు. ఆ గట్టిపొర ఎలా గట్టిపడిందో మా వాళ్ళలో వాళ్ళకే ఇంకా తేలలేదు, వాదించుకుంటూనే ఉన్నారు. గ్లాసులో విడిగా వేసిన ముక్కకి అన్నివైపులా ఖాళీ ఉంది, అందుకే విడిపోయింది. కొండలో దానికి కదలడానికి చోటు లేదు, నాలుగువైపులా బిగించి ఉంది. వాన నీళ్ళు దాని దాకా వచ్చి, దిగలేక, దాని వీపు మీదుగా వాలు వెంట పక్కకి నడుస్తాయి. దారిలో గుంత ఉంటే అందులో పడతాయి. అన్నయ్య ఒక్కో మొక్కకీ ఆ పొరని పగలగొట్టుకుని మరీ లోతు గుంత తీసి ఉంటాడు కదా? బతుకంతా నీళ్ళు కారని ట్యాంకులు చేసినవాడు కొండ మీద కూడా అవే చేశాడు, వాటిలో నిమ్మ నాటాడు.

ఇక నువ్వు అడిగింది. వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇందులో ఉంచాను. ఇప్పుడు నాటిన తీరున ఈ నేలలో నిమ్మ బతకదు అని. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇది కూడా నిజమే కాబట్టి చెబుతున్నాను, ఆ కాగితంలో రాయలేదు. తోటకి ఎగువన గట్టిపొర తగిలేదాకా అడ్డంగా కాలవ తవ్వితే నీళ్ళు పక్కకి మళ్ళుతాయి. మొక్కల్ని గుంతలో కాక, పైమట్టి పోగుచేసి దిబ్బల మీద నాటాలి. కొన్ని బతకొచ్చు. ఎన్ని బతుకుతాయో చెప్పలేను, ఒకసారి చెప్పి చూశాం కదా.

ఆ కాగితం చూపిస్తావో, ఈ ఉత్తరం చూపిస్తావో నీ ఇష్టం. నీ ఉత్తరాల్లో దిగిపోదామన్న మాట ఒకదాని కంటే ఒకటి చిన్నదవుతోందని నాకు అనిపించింది. తప్పైతే మన్నించు.

చిట్టి

*

కొండ మీది ఇల్లు,
వానలు వెనకబట్టాక

చిట్టీ,

సంతకం పెట్టిన కాగితం ఇచ్చాను. అడిగి తెప్పించుకుని దాచుకుంటే అది వేరే దొంగతనం అవుతుంది. మీ అన్నయ్య గుమ్మంలో కూర్చుని చదివారు. మడిచి జేబులో పెట్టుకుని, "సరే, దిగిపోదాం" అన్నారు. నేను ఏడాదిగా వినాలనుకున్న మాట, ఒక్క పోట్లాట లేకుండా చేతికి వచ్చింది. సంతోషం వేస్తుందనుకున్నాను. లేచి వెళ్ళి ఆ గుంత గట్టున కూర్చున్నాను.

మర్నాడు ఆయన్ని గుంత దగ్గరికి తీసుకెళ్ళాను. దిగమంటే దిగారు. పొరలు చూపించాను, చారలు చూపించాను, నీళ్ళు ఊరే చోట వేలు పెట్టించాను. నువ్వు రాసిన పుట్టింటి సంగతీ, బురద సంగతీ చెప్పాను. ట్యాంకుల మాట చెప్పగానే మొహం వాడిపోయింది. తర్వాత ఆ గోడనే చూస్తూ, "అయితే ఎగువన కాలవ తీస్తే సరిపోదూ?" అన్నారు. నువ్వు రాసిన కాలవ సంగతి నేను అప్పటికి చెప్పలేదు. చెల్లెలివి నువ్వు, అన్న ఆయన, పోలిక ఎక్కడికి పోతుంది.

మొత్తానికి ఏదో ఒకటి అడ్డుపడి ప్రయాణం ఆగింది. ఇంకో వానాకాలం చూద్దామనుకున్నాం. కాలవ సగమైంది. పై వరస మొత్తం పోయింది, కింద బతికినవాటిని దిబ్బల మీదకి మార్చాం. రెండు చిగురు తొడిగాయి, మిగతావి ఇంకా ఆలోచిస్తున్నాయి. మిషను కిటికీ దగ్గరికి జరిపాను. వారానికి రెండు రోజులు కిందకి దిగి కుట్టుపని తెచ్చుకుందామని ఉంది.

కాలవ తవ్వుతుంటే ఒకచోట గట్టిపొర లేదు చిట్టీ. ఇంత పొడుగునా ఉండి అక్కడ మాత్రం మాయమైంది. మళ్ళీ కాస్త అవతల మొదలైంది. అక్కడ మట్టి పసుపుపచ్చ. ఎందుకలా? దారం ఇందులో పెట్టాను, ఈసారి తడిపే చూశాను. కింద మీ అన్నయ్య కూడా ఏదో రాస్తానంటున్నారు, చోటు వదిలాను.

మీ వదిన

చిట్టీ,

నాకు ఉత్తరాలు రాయడం రాదని నీకు తెలుసు. మీ వదిన చదవకుండా ఈ ముక్క రాసి అంటించేస్తున్నాను.

ఏదో అడ్డుపడి ప్రయాణం ఆగిందని రాసింది, పక్కనుంచి చూశాను. ఏదీ అడ్డుపడలేదు. నేను షెడ్డు యజమానికి వస్తున్నానని చెప్పేశాను. లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. మిషను ఎక్కించాం, మంచం ఎక్కించాం. మీ వదిన కనపడలేదు. వెతికితే ఆ గుంతలో ఉంది, గోడ చెక్కుతూ. పైకి వచ్చి, చేతులు కడుక్కుని, లారీ అబ్బాయికి మంచినీళ్ళిచ్చి, "శ్రమ పడ్డావు నాయనా, సామాను దింపేసి వెళ్ళు" అంది. నా వంక చూడలేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే మంచం ఒక్కణ్ణే దింపాను.

ఇక్కడ తనకి ఎంత కష్టంగా ఉందో నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా నోరెత్తలేదు. ఇప్పుడు ఎందుకు ఉండిపోయిందో మాత్రం తెలియదు. అడగలేదు. అడిగితే ఆలోచించుకుని మనసు మార్చుకుంటుందేమోనని భయం.

నువ్వూ అడగకు. ఆ పసుపు మట్టి సంగతి మాత్రం వెంటనే రాయి.

అన్నయ్య